పంచర్లు తగ్గాలి, సైకిల్ మెత్తగా పోవాలి: టైరు ఎంపిక నుంచి గాలి కొట్టడం దాకా

సైకిల్ షాపుకి వెళ్ళి "పంచర్ కాని టైరు ఇవ్వండి" అంటే, ఉన్నవాటిలో అన్నిటికంటే మందంగా ఉన్నది తీసి చేతిలో పెడతారు. పంచర్లు నిజంగానే తగ్గుతాయి, కాదనను. కాకపోతే నెల తిరిగేసరికి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు సైకిల్ బరువెక్కుతుంది, సిమెంటు రోడ్డు అతుకులు దాటినప్పుడల్లా మణికట్లు నొప్పి పెడతాయి, మెల్లగా సైకిల్ బయటికి తీయడమే మానేస్తాం. అటు రేసు వాళ్ళ పల్చటి టైర్లు కొనుక్కుని వారానికోసారి పంచర్ షాపు ముందు నిలబడేవాళ్ళూ ఉన్నారు. నా లెక్క ముందే చెప్పేస్తాను: మొదట చూడాల్సింది టైరు వెడల్పు, తర్వాత లోపలి రక్షణ పట్టీ (ముల్లు, గాజు ట్యూబు దాకా పోకుండా టైరు లోపల వేసే పొర), గాలి మాత్రం ఎప్పుడూ గేజి పెట్టి కొలిచే కొట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, పట్టీ ఉన్న సన్నటి టైరు కొని దానికి పట్టినంత గాలి దట్టిస్తారు, దాంతో ఇటు మెత్తదనమూ పోతుంది, అటు పంచర్లూ అనుకున్నంత తగ్గవు.

అసలు ఈ రెండింటికీ ఎందుకు పడదో రెండు ముక్కల్లో. టైరు నేలకి తగిలిన చోట ప్రతి చుట్టుకీ వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. వంచడానికి పెట్టిన శక్తి అంతా రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. రబ్బరు ఎంత మందమైతే అంత ఎక్కువ పోతుంది. పల్చటి టైరు గులకరాయి మీదకి వచ్చినప్పుడు రాయి చుట్టూ వంగి దాన్ని మింగేస్తుంది, మందమైనది వంగక సైకిల్‌నీ మిమ్మల్నీ కలిపి పైకి ఎత్తుతుంది. కాబట్టి ముల్లుని ఆపే మందమే మీ వీపుకీ తగులుతుంది. ఆ మందం ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు అన్నదే తేల్చుకోవాలి.

1. ముందు మీ పంచర్లకి పోస్ట్‌మార్టం చేయండి

కొత్త టైరు కొనే ముందు పాత పంచర్లు ఎందుకు అయ్యాయో తెలియాలి. పంచర్ షాపు అన్న ట్యూబు బయటికి లాగినప్పుడు ఫోన్ చూసుకోకుండా పక్కనే నిలబడండి. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఒక అలవాటు చేసుకోండి: టైరు ఎక్కించేటప్పుడు దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టాలి. అప్పుడు ట్యూబులో చిల్లు వాల్వుకి ఎంత దూరంలో ఉందో చూస్తే టైరులో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ట్యూబు ఎటు తిరిగి ఉందో గుర్తులేకపోతే రెండు వైపులా చూడండి, అంతే.

చిల్లు బయటి వైపు ఒక్కటే ఉంటే ముల్లో, గాజో, ఇనుప తీగో గుచ్చుకుంది. రెండు చిల్లులు పక్కపక్కనే, పాము కాటులా ఉంటే ముల్లు కాదు. గాలి తక్కువగా ఉండి గుంత అంచుకి కొట్టుకున్నప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగింది, దీనికి ఎంత ఖరీదైన పట్టీ ఉన్న టైరు కొన్నా లాభం లేదు. చిల్లు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే రిమ్ టేపు (ఊచల కొనలు ట్యూబుకి తగలకుండా రిమ్ము లోపల చుట్టే పట్టీ) పక్కకి జరిగి ఊచ కొన తగులుతోంది, పది నిమిషాల పని. వాల్వు మొదట్లో చిరిగితే తక్కువ గాలితో నడపడం వల్ల ట్యూబు లోపల జరిగి ఉంటుంది, లేదా గాలి కొట్టేటప్పుడు పంపు గొట్టాన్ని అటూ ఇటూ లాగి ఉంటారు.

ఒకే చోట మళ్ళీ మళ్ళీ పంచర్ అవుతూ, చూస్తే ఏమీ కనపడకపోతే అది దాదాపు ఎప్పుడూ వెంట్రుకంత ఇనుప తీగే. హైవే పక్కన పేలిన లారీ టైర్ల పీలికలు చూస్తాం కదా, వాటి లోపలి తీగలు విరిగి రోడ్డంతా పడి ఉంటాయి. వేళ్ళతో తడిమితే వేళ్ళే తెగుతాయి. టైరు లోపల దూది ఉండ మెల్లగా రుద్దుకుంటూ వెళ్ళండి, తీగ ఉన్న చోట దూది పోగులు చిక్కుకుంటాయి. అక్కడ సన్న మూతి పటకారుతో లోపలి నుంచే లాగేయండి.

2. మీ దారిలో ఉన్న ముళ్ళేవో చూడండి

ఈ ముక్క విదేశీ వీడియోల్లో సరిగా దొరకదు, వాళ్ళ గొడవ ఎక్కువగా గాజు పెంకులు, చెకుముకి రాళ్ళ గురించి. మన పల్లె దారుల్లో అసలు శత్రువులు వేరు.

పల్లేరు కాయ ముల్లు పొట్టిది, అర సెంటీమీటరు అటూ ఇటూ, కానీ గట్టిది. కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. వానలు తగ్గాక రోడ్డు మార్జిన్‌లో ఎండిపోయి పరుచుకుంటుంది. అరిజోనా, కాలిఫోర్నియాల్లో సైకిల్ తొక్కే మనవాళ్ళకీ ఈ మొక్కే తగులుతుంది, అక్కడి సైక్లిస్టులు దీన్ని రోజూ తిట్టుకుంటారు. పొట్టి ముల్లు కాబట్టి నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉన్న టైరు దీన్ని చాలావరకు ఆపగలదు.

తుమ్మ సంగతి వేరు. నల్ల తుమ్మ ముల్లు తెల్లగా, నిటారుగా, రెండు అంగుళాల దాకా ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు అంత పొడుగు లేకపోయినా ఏ టైరుకైనా సరిపోతుంది. కంచెకి కంప నరికి ట్రాక్టర్ల మీద తీసుకెళ్ళిన దారిలో ఇవి రాలి పడి ఉంటాయి. నిటారుగా గుచ్చుకుంటే మామూలు సైకిల్ టైర్లలో ఏదీ రెండు అంగుళాల ముల్లుని ఆపలేదు. దీనికి టైరులోనో ట్యూబులోనో పోసే, చిల్లుని దానంతటదే మూసే ద్రవం ఒక్కటే మందు, దాని గురించి కింద చెప్తాను.

నగరంలో గాజు పెంకులు, స్టేపుల్ పిన్నులు, మేకులు, పైన చెప్పిన తీగలు. గాజు ఒక్క దెబ్బకి దిగిపోవడం తక్కువ, టైరులో ఇరుక్కుని చుట్టు చుట్టుకీ కాస్త కాస్త లోపలికి పోతుంది. వానాకాలంలో పంచర్లు పెరగడానికి కారణం ఇదే: తడి రబ్బరు సులువుగా తెగుతుంది, పైగా తడి టైరుకి పెంకులు అంటుకుని వస్తాయి.

3. ఎంత వెడల్పు పడుతుందో కొలవండి

టైరు పక్కన 37-622 లాంటి అంకె ఉంటుంది, దాన్నే నమ్మండి. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం. అంగుళాల లెక్క నమ్మి కొంటే మోసపోతాం. 26 అంగుళాలు అని అమ్మేవాటిలోనే 26×1.95 అయితే 559, 26×1⅜ అయితే 590, ఒకదాని రిమ్ముకి ఇంకోటి ఎక్కదు. 700సీ, 29 అంగుళాలు మాత్రం పేర్లు వేరైనా రెండూ 622 మీదే కూర్చుంటాయి. మన పాత నల్ల సైకిళ్ళ 28×1½ టైరు 635, దానికి 700సీ టైరు తెచ్చి తిప్పలు పడకండి.

ఇప్పుడు ఫోర్కు లోపల, వెనక చైన్ దగ్గరి గొట్టాల మధ్య, బ్రేకు కింద ఖాళీ చూడండి. టైరు ఎక్కాక ప్రతి వైపూ కనీసం 4 మిల్లీమీటర్లు మిగలాలి, మట్టి దారుల్లో తిరిగితే 6. మడ్‌గార్డులుంటే ఇంకొంచెం. ఆ లోపల పట్టే అత్యంత వెడల్పు టైరే మీ టైరు. 28 ఉన్న చోట 32 పడితే 32, హైబ్రిడ్ సైకిల్లో 40 పడితే 40.

వెడల్పుకి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, వెనక చక్రం మీద 45 కిలోల బరువు పడుతోంది అనుకోండి. గాలి ఒత్తిడి 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 4.2 కిలోలు. అంటే నేలకి ఆనే భాగం దాదాపు 10.7 చదరపు సెంటీమీటర్లు (టైరు గోడల గట్టిదనం పక్కన పెడితే). గాలి 30 చేస్తే 21 అవుతుంది. సన్నటి టైరులో 30 కొడితే రిమ్ము నేలకి తగులుతుంది, వెడల్పు టైరులో కింద ఇంకా బోలెడు గాలి మిగిలి ఉంటుంది. అంటే వెడల్పు టైరు తక్కువ గాలితో పాము కాటు లేకుండా నడుస్తుంది, గాలి తక్కువ కాబట్టి చిన్న చిన్న రాళ్ళకీ పెంకులకీ లొంగి పక్కకి ఇస్తుంది, ప్రతి కుదుపునీ మింగుతుంది. పట్టీ కూడా అక్కర్లేకుండా మెత్తదనం, రక్షణ రెండూ కలిసి పెరిగేది ఇక్కడొక్కచోటే. సన్న టైరు వేగంగా పోతుంది అనే మాట నున్నటి వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) మీద, గట్టి ఎదురుగాలిలో కొంత నిజం. గతుకుల రోడ్డు మీద మీ ఒళ్ళు కదిలిపోవడానికే బోలెడు శక్తి పోతుంది.

4. లోపలి పట్టీ ఎంచుకోండి

పట్టీలు స్థూలంగా రెండు రకాలు. ఒకటి నేసిన బట్ట. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫానీ క్వోలెక్ కనిపెట్టిన దారం నుంచి వచ్చిన కెవ్లార్ లాంటివి, లేదా వెక్ట్రాన్ (1997లో మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగిన గాలిసంచులు ఈ దారంతో నేసినవే). కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000లో వెక్ట్రాన్ పట్టీ ఉంటుంది. ఇవి పల్చగా ఉంటాయి, బరువు పెరగదు, కోతని బాగా తట్టుకుంటాయి. అందుకే గాజుకి మంచివి. అయితే సన్నటి ముల్లు, తీగ నేతలో రెండు దారాల మధ్య సందు చూసుకుని దూరిపోతాయి. పెట్టె మీద కెవ్లార్ అని రాసి ఉంది కదా, ముల్లు ఎలా దిగింది అని తలపట్టుకునేది ఇక్కడే.

రెండోది మందమైన మెత్తటి రబ్బరు పొర. ష్వాల్బె మారథాన్ ప్లస్‌లో ఇది 5 మిల్లీమీటర్లు. పల్లేరుకి, పిన్నులకి, తీగలకి దీన్ని మించింది అరుదు. దానికి కట్టే మూల్యం కూడా తక్కువేం కాదు: 37 మిల్లీమీటర్ల సైజులో టైరు ఒక్కోటి కిలో దరిదాపు, గ్రాండ్ ప్రీ 5000 సన్న సైజుల్లో పావు కిలో దగ్గర. డ్రమ్ము మీద తిప్పి చూసే పరీక్షల్లో ఇలాంటి కవచం టైర్లు రేసు టైర్ల కంటే ఇంచుమించు రెట్టింపు శక్తి తింటాయి. రిమ్ము మీదకి ఎక్కించడం కూడా బొటనవేళ్ళకి పరీక్షే.

రోజూ ఆఫీసుకి వెళ్ళి, ఆలస్యమైతే మేనేజర్ మొహం చూడాల్సిన టెన్షన్ ఉన్నవాళ్ళకి, సామాన్లు కట్టుకుని దూరాలు పోయేవాళ్ళకి మందమైన పొర బాగుంటుంది. పొద్దున్నే సరదాకి తొక్కేవాళ్ళకి, 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాల్సిన 200 కిలోమీటర్ల బ్రెవేలకి (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు) వెళ్ళేవాళ్ళకి నేసిన పట్టీ ఉన్న 30, 32 సైజు టైరు చాలు, మిగతాది స్పేర్ ట్యూబు చూసుకుంటుంది. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే వెనక కవచం, ముందు మెత్తటిది వేయండి. పంచర్లు వెనకే ఎక్కువ, బరువు అక్కడే ఎక్కువ పడుతుంది, ముందు చక్రం లేపి నిలబెట్టిన మేకు మీదకి ఎక్కేదీ అదే. చేతులకి తెలిసే కుదుపు, తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు పట్టు ముందు టైరు చేతిలో ఉంటాయి. నేనైతే ఇదే చేస్తాను.

షాపులో టైరుని చేత్తో చూడండి. పక్క గోడని వేళ్ళ మధ్య నలిపితే బట్టలా మడత పడాలి, మధ్యభాగం మాత్రం గట్టిగా ఉండాలి. గోడలు కూడా అట్టలా ఉంటే అది ఎంత గాలి తగ్గించినా మెత్తబడదు. పక్కన రాసే టీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని దారాలు, కొంత సూచిస్తుంది, అంకె పెరిగేకొద్దీ దారం సన్నం, బట్ట మెత్తన. అయితే కొన్ని కంపెనీలు పొరలన్నీ కూడి చెప్తాయి: 330 అంటే 110 దారాల పొరలు మూడు. పెద్ద అంకె చూసి మురిసిపోకండి. రాల్సన్, హైదరాబాదు వాళ్ళ హార్టెక్స్ లాంటి దేశీ కంపెనీల మామూలు టైర్లు కొనేటప్పుడు కూడా ఈ నలిపి చూసే పరీక్ష పనికొస్తుంది.

తారు రోడ్డుకి గళ్ళ టైరు వద్దు. గుబ్బలు వంగుతూ శక్తి తింటాయి, గుయ్ మని చప్పుడు, గుబ్బల మధ్య సందుల్లో టైరు పల్చగానే ఉంటుంది కాబట్టి పంచర్లకి రక్షణ కూడా అంతంతే. వానలో నున్నటి టైరు జారుతుందని భయం అక్కర్లేదు, కారు టైరులా సైకిల్ టైరు నీటి మీద తేలదు, తేలాలంటే మనం తొక్కలేనంత వేగం కావాలి.

5. ట్యూబు, లైనరు, ద్రవం

మామూలు బ్యూటైల్ ట్యూబు చాలు. లేటెక్స్ ట్యూబు మెత్తగా పోతుంది, కానీ రోజూ గాలి కొట్టాలి. టైరుకీ ట్యూబుకీ మధ్య వేసే ప్లాస్టిక్ లైనరు ముళ్ళని బాగానే ఆపుతుంది, అయితే దాని కొనలు రాసుకుని ట్యూబుకే చిల్లు పెడతాయి. వేయాల్సి వస్తే కొనల్ని గుండ్రంగా కత్తిరించి ఉప్పు కాగితంతో నున్నగా చేయండి. ఒక మంచి టైరులోని మెత్తదనాన్ని ఇది తినేస్తుంది, అందుకే చవక టైరుకే వాడండి.

తుమ్మ దారుల్లో తిరిగేవాళ్ళకి ట్యూబ్‌లెస్ లేదా ట్యూబులో పోసే ద్రవం. ముల్లు దిగినా ద్రవం చిల్లులోకి వెళ్ళి గడ్డకడుతుంది, ముల్లు పీకాక ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఉంచితే చాలు. మన ఎండలకి లేటెక్స్ ద్రవం త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి తీసి చూసుకోవాలి. ద్రవం పోసిన ట్యూబుకి తర్వాత ప్యాచ్ వేయడం నరకం అని పంచర్ షాపు వాళ్ళు మొహం మీదే చెప్తారు, నిజమే. గాలే అక్కర్లేని ఘన టైర్ల గురించి అడుగుతారు: పంచర్ ఉండదు, సుఖమూ ఉండదు. వద్దు.

6. ఎక్కించడం

రిమ్ టేపు ఊచల రంధ్రాలన్నీ కప్పేలా ఉందో చూడండి. ట్యూబుకి కొంచెం పౌడరు రాసి, గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రమే కొట్టి లోపల పెట్టండి. టైరు అంచు వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. చివర బిగుసుకుపోతే లివరు (టైరు అంచుని ఎత్తే మీట) తీసుకోకుండా, అప్పటిదాకా ఎక్కిన అంచుని చుట్టూతా నొక్కి రిమ్ము మధ్య గాడిలోకి దింపండి, నాలుగైదు మిల్లీమీటర్ల వదులు అక్కడే దొరుకుతుంది. తర్వాత రెండు వైపులా అంచు పక్కకి తోసి ట్యూబు నలగలేదని చూసుకోండి. గాలి నిండాక టైరు పక్కనున్న సన్న గీత రిమ్ముకి చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి.

7. గాలి

బొటనవేలితో నొక్కి చూస్తే 60కీ 80కీ తేడా తెలియదు. గేజి ఉన్న నేల పంపు కొనండి, టైరు తర్వాత పెట్టే డబ్బుల్లో అంత ఉపయోగం దేనికీ లేదు. పెట్రోలు బంకు గాలి వద్దు, సైకిల్ ట్యూబులో పట్టేది గుప్పెడు గాలి, కళ్ళు మూసి తెరిచేలోగా పేలుతుంది.

మీరు 70 కిలోలు, సైకిల్ 12 కిలోలు అనుకుంటే వెనక చక్రానికి 28 టైరులో 75, 32లో 60, 38లో 45 నుంచి 50, రెండు అంగుళాల టైరులో 30 నుంచి 35 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. ముందు ఓ ఐదు తక్కువ. బరువు ఎక్కువైతే పెంచండి, తక్కువైతే తగ్గించండి. పక్కన రాసిన గరిష్ఠ అంకె దాటకూడని హద్దు, అంతే గానీ కొట్టాల్సిన లెక్క కాదు. హుక్ లేని రిమ్ములైతే (టైరు అంచుని పట్టుకునే మడత లోపల లేనివి) 72.5 దాటకూడదు.

తర్వాత మీకు బాగా తెలిసిన పాడు రోడ్డు ముక్క ఒకటి ఎంచుకుని ఒకే వేగంతో పోతూ ప్రతిసారీ 5 తగ్గించి చూడండి. ఒక దగ్గర మలుపులో ముందు టైరు పక్కకి వాలినట్టు, జీవం లేనట్టు అనిపిస్తుంది, లేదా గుంతలో రిమ్ము ఠక్కుమంటుంది. అక్కడి నుంచి ఐదు పెంచితే మీ లెక్క దొరికినట్టే, గోడ మీద రాసిపెట్టుకోండి. సర్వీసింగుకి ఇచ్చినప్పుడు గాలి నిండా దట్టించి ఇస్తారు, ఇంటికొచ్చి ముందు అది తగ్గించాలి.

ఎండాకాలం టైరు పేలుతుందని గాలి సగం తీసేసేవాళ్ళున్నారు. లెక్క చూడండి: పొద్దున 25 డిగ్రీల్లో 60 కొడితే, మధ్యాహ్నం టైరు 45కి వేడెక్కినా అయ్యేది 65. మంచి టైరుకి అదేం పెద్ద లెక్క కాదు. పేలినవాటిలో ఎక్కువ అంచు సరిగా కూర్చోనివి, గోడలు పగిలిన ముసలివి. వాటిని ఎండ బయటపెడుతుంది, అంతే.

8. వారం వారం

ఆదివారం గాలి కొట్టే ముందు చక్రం మెల్లగా తిప్పుతూ టైరు మీద కోతలు వెతకండి, పిన్నీసుతో గాజు ముక్కలు పెకలించేయండి. దిగబడుతున్న పంచర్లని ముందే ఆపేది ఇదే. రోడ్డు మీద అంచుకి ఆనుకుని పోకండి, కార్ల గాలికి చెత్తంతా అక్కడికే చేరుతుంది, మీటరు లోపలికి జరగండి. నీళ్ళు తాగడానికి ఆగితే తారు మీదే ఆపండి, గడ్డిలోకి దింపితే పల్లేరు కాచుకుని ఉంటుంది.

వెనక టైరు ముందుగా అరుగుతుంది. అప్పుడు కొత్తది వెనక వేయకుండా, ముందున్నది వెనక్కి మార్చి కొత్తది ముందు వేయండి, పట్టు అక్కడ కావాలి. మధ్యలో చదునుగా అరిగి లోపలి దారాలు కనిపించినా, పక్క గోడ ఉబ్బినా టైరు తీసేయండి. తీసేసిన టైరు గోడలోంచి రెండు వేళ్ళ వెడల్పు ముక్క ఒకటి కోసి సీటు కింది సంచిలో పెట్టుకోండి. దారిలో టైరు కోసుకుపోతే లోపలి నుంచి ట్యూబుకి అడ్డంగా పెట్టి, గాలి కాస్త తక్కువ కొట్టి ఇంటికి చేరొచ్చు.